మూడో తీగ మీద అప్ప ఏడుపు

ఏడవడం ఎలాగో నేర్పమని నేను ఫోన్‌లో ఒక తెల్లదొరని ఆశ్రయించాను. నవ్వొస్తే నవ్వండి. మా అమ్మమ్మది సముద్రం ఒడ్డు ఊరు. ఆ ఊరి ఆడవాళ్ళు పీనుగ పక్కన కూర్చుని రాగం ఎత్తుకున్నారంటే దారిన పోయేవాళ్ళు కూడా ఆగి కళ్ళు తుడుచుకునేవారు. ఆ రాగాలు వింటూ పెరిగినవాణ్ణి, రోజూ పొద్దున్నే శ్రీకాకుళంలో డాబా ఎక్కి, గుండు చేయించుకున్న ఒక అమెరికా ఆయన చెప్పే పాఠం వినేవాణ్ణి. ఫోన్‌లో నెట్ చవకైన కొత్తలవి. అందరూ సినిమాలు దించుకుంటుంటే నేను బ్లూస్ అనే అమెరికా నల్లవాళ్ళ ఏడుపు పాటలు గిటారు మీద నేర్చుకుంటున్నాను.

నాకు గిటారు అస్సలు రాదని కాదు. మాది బాప్టిస్టు మిషను సంఘం. ఇంటర్ చదివేటప్పటి నుంచీ గుడిలో పాటలకి గిటారు కొడుతున్నాను. తీగల మీద వేళ్ళ పట్టులు, అదే కార్డ్స్, నాలుగు వస్తే చాలు, మా పాటల పుస్తకం సగం గడిచిపోతుంది. నన్ను వాద్యగాడని పిలిచి చికెన్ ముక్క ఎక్కువ వేసిన ఇళ్ళు కూడా ఉన్నాయి. బ్లూస్ దగ్గరికి వచ్చేసరికి ఆ గొప్పంతా దిగిపోయింది. అందులో ఉండేవి మూడే కార్డ్స్. పన్నెండు బార్లు, అదే తాళం చుట్లు, తిరిగి మళ్ళీ మొదటికి రావాలి, అంతే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆ తాళం కాలు కుంటుతూ నడిచే మనిషి నడకలా ఉంటుంది, ఒక దెబ్బ పొడుగు, ఒక దెబ్బ పొట్టి. గుడిలో తిన్నగా కొట్టడానికి అలవాటు పడ్డ నా చెయ్యి ఎంతకీ కుంటేది కాదు.

తాళం ఎలాగో పట్టుబడ్డాక అసలు చిక్కు వచ్చింది. మూడో తీగ, ఐదో ఫ్రెట్, అంటే గిటారు మెడ మీద ఐదో గడి. అక్కడ వేలు ఆనించి తీగని కొంచెం వంచాలి. కొంచెం అంటే ఎంతో ఆ గుండాయన చెప్పడు. ఆ చోటు రెండు స్వరాల నడుమ ఎక్కడో ఉంటుంది. హార్మోనియంలో దానికి మెట్టు లేదు. తక్కువ వంచితే గిటారు శ్రుతి తప్పినట్టు ఉండేది, ఎక్కువ వంచితే పెళ్ళి పాటలా వినబడేది. వేలి కొస కాయ కాచింది గానీ ఆ చోటు దొరకలేదు. గిటారుని ఏడిపించాలి అనేవాడాయన, కళ్ళు మూసుకుని. ఎంత వంచాలో చెప్పకుండా ఈ కబుర్లేమిటని నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజుల్లోనే మా బావ పోయాడు.

బావంటే మా అప్ప భర్త. అక్కని మా వైపు అప్ప అంటాం. అమ్మా నాన్నా అంతకు ముందే పోయారు కాబట్టి నాకు మిగిలింది అప్పే. బావ కిరండోల్ లైనులో గూడ్సు బళ్ళకి గార్డు. కొత్తవలసలో రైల్వే క్వార్టరు. పిల్లలు లేరు. ఒక ఉదయం డ్యూటీకి బయల్దేరుతూ బూట్లు తొడుక్కోడానికి కుర్చీలో కూర్చున్న మనిషి ఇక లేవలేదు. గుండె అన్నారు.

నాకు కబురు వచ్చింది కొత్తవలస సంఘం పెద్ద దగ్గర నుంచి. సంగతి చెప్పి, ఓదార్చి, ఫోన్ పెట్టేసే ముందు ఆయన అన్నాడు, "బాబూ, మన గిటారు కుర్రోడు ఊళ్ళో నేడు, ఎక్కడికో ఎల్నాడు. నీది పట్టుకొచ్చీ." నేను అలాగే అన్నాను. ఆమదాలవలసలో పాసింజరు ఎక్కి, బావ శవాన్ని చూడ్డానికి గిటారు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. ఎదుటి సీటు పిల్లలు ఓ పాట పాడమని అడిగారు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇక్కడ మా వాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. మా సంఘంలో చావు ఇంట్లో కన్నీళ్ళు పెట్టుకోవచ్చు గానీ రాగం తీసి ఏడవకూడదు. చచ్చిపోయినవాళ్ళు ప్రభువు దగ్గరికి వెళ్ళారని నమ్మేవాళ్ళం, ఏ ఆశా లేనివాళ్ళలా గుండెలు బాదుకుంటే చుట్టుపక్కల వాళ్ళ ముందు మన సాక్ష్యం ఏం కావాలి అంటారు పెద్దలు. అయినా ఎవరో ఒక ముసలమ్మకి లోపల నుంచి తన్నుకొస్తుంది. అప్పుడు పాస్టరు గారు గిటారు వాడి వైపు చూస్తారు. గిటారు వాడు పాటెత్తుతాడు. అందరూ గొంతు కలుపుతారు. నాలుగు చరణాలు అయ్యేసరికి ఆ ఏడుపు ఎక్కడో అణిగిపోతుంది. ఆ పని నాకెవరూ నేర్పలేదు. చిన్నప్పటి నుంచీ చూసి నేర్చుకున్నాను, చాలా చావులకి చేశాను. చేసినందుకు టీ ఇచ్చారు, మెచ్చుకున్నారు.

బావని ఐసు పెట్టెలో వరండాలో పెట్టారు. అప్ప తల దగ్గర కూర్చుంది. మధ్యాహ్నం దాకా కన్ను తడవలేదు. బొగ్గులా నల్లబడ్డ పెదాలతో వచ్చినవాళ్ళందరికీ వందనాలు చెప్తోంది. అప్పుడు పక్క క్వార్టరావిడ వంటింట్లో గిన్నెలు సర్దుతూ, బావ కోసం కట్టి ఉంచిన అన్నం కేరేజీ తెచ్చి, దీన్ని ఏం చెయ్యమంటావమ్మా అని అడిగింది. అప్ప ఆ కేరేజీ ఒళ్ళో పెట్టుకుంది. రాగం ఎత్తుకుంది.

"కేరేజీ కట్టి ఉంచినాను, మూత తియ్యకుండా ఎలిపోనావా, ఓ నా రాజా... ఊరందరి బళ్ళకీ పచ్చజెండా ఊపినావు, నా బండినెక్కడ ఆపీసినావు, ఓ నా రాజా..."

అమ్మమ్మ పోయాక ఆ రాగం మళ్ళీ వింటానని నేను అనుకోలేదు. అప్పకి అది వచ్చునని కూడా నాకు తెలియదు. ప్రతి పాదం చివరా "రాజా" అన్నచోట గొంతు కొంచెం పైకి జరిగి, పూర్తిగా ఎక్కకుండా, అక్కడే వణుకుతూ నిలబడేది. నేను గోడకి ఆనుకుని ఉన్నాను. నా ఎడమచేతి వేలు దానంతట అదే గిటారు మెడ మీద కదిలింది. అదే చోటు. మూడో తీగ, ఐదో ఫ్రెట్, ఇంతే వంపు. నెలల తరబడి దొరకనిది దొరికింది. మా అప్ప తాళి తెగిన రోజు, ఆమె ఎదురుగా నిలబడి, ఇంకో పాదం ఏడిస్తే బాగుణ్ణు, సరిగ్గా పట్టుకుంటాను అనుకున్నాను. అలా అనుకున్న మనిషిని నేనే.

ఆమె ఇంకో పాదం ఎత్తుకుంది. "బూట్లకి పాలీసు ఆరనేదు..." అంటుండగా పాస్టరు గారు నా వైపు చూశారు. "తమ్ముడూ, ఒక పాట," అన్నారు మెల్లగా.

నా చెయ్యి అలవాటు ప్రకారం లేచింది. జి కార్డు పడింది. సంఘమంతా అందుకుంది, టాంబరిన్లు మోగాయి. అప్ప గొంతు కొంతసేపు ఆ పాట కింద వినబడి, తర్వాత వినబడలేదు. ఆమె తలెత్తి ఒకసారి నా చేతి వైపు చూసింది. కోపమేమీ లేదు ఆ చూపులో. బస్సులో పక్కవాడు జరగమంటే జరిగినట్టు, ఆమె జరిగి చోటు ఇచ్చింది. కేరేజీ పక్కన పెట్టేసి, కొంగు సర్దుకుని, అందరితో పాటు పాట పాడింది.

బావ వాళ్ళది శృంగవరపుకోట దగ్గర పల్లె. అక్కడే మిషను వాళ్ళ సమాధుల్లో పెట్టాం. ఎంత విశ్వాసం, ఎంత నిబ్బరం అని అందరూ అప్పని పొగిడారు. వాళ్ళు పొగుడుతున్నప్పుడల్లా నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

శ్రీకాకుళం తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్న డాబా ఎక్కాను. ఫోన్ తియ్యలేదు. "ఓ నా రాజా" అని మనసులో అనుకుంటూ వేలు వంచాను. గిటారు ఏడ్చింది. నిజంగా ఏడ్చింది. సంతోషంతో నా ఒళ్ళు జలదరించింది. ఆ సంతోషం తగ్గాక కింద మెట్ల మీద కూర్చుండిపోయాను. నేను పనిచేసే కాలేజీ ఆఫీసుకి వెళ్ళే టైము దాటిపోయినా లేవబుద్ధి కాలేదు.

సిగ్గున్న మనిషినైతే అంతటితో ఆపేవాణ్ణి. ఆపలేదు. మూడు పాదాలూ వేళ్ళకి ఎక్కించాను, ఆ పన్నెండు బార్లలో కూర్చోబెట్టాను. మూడో పాదం సగంలో ఆగిపోయేది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు కదా, అక్కడికి వచ్చినప్పుడల్లా నా జి కార్డే నాకు వినబడేది.

క్వార్టరు ఖాళీ చేశాక అప్ప నా దగ్గరికే వచ్చేసింది. ఇల్లు ఇల్లులా అయింది. చారులో ఉప్పు సరిపోయేది. కానీ ఆమె ఏడవగా నేను చూడలేదు. నవ్వేది, గుడికి వచ్చేది, ఎవరైనా బావ మాట ఎత్తితే ప్రభువు చిత్తం అనేది. అన్నం మాత్రం సగం తిని లేచిపోయేది. పదే పదే తలుపు గడియ వేసిందో లేదో చూసొచ్చేది. మనిషి చీపురుపుల్లలా అయిపోయింది. డాక్టరు రక్తం తక్కువన్నాడు. నాకు మాత్రం ఆ లోపల ఆగిపోయిన సగం పాదమే ఆమెని తినేస్తోందని అనిపించేది. దాన్ని ఆపినవాడు ఎదురుగా కూర్చుని పెరుగు వేయించుకుంటున్నాడు.

ఆమె ఇంట్లో ఉన్నప్పుడు నేను గుడి పాటలే వాయించేవాణ్ణి. స్త్రీల కూడికకి వెళ్ళిన రోజుల్లో మాత్రం బ్లూస్ తీసేవాణ్ణి. ఒక రోజు కూడిక తొందరగా అయిపోయిందో ఏమో, నెత్తళ్ళ చేపలు కొనుక్కుని వచ్చేసింది. నాకు తెలియలేదు. ఆపి చూసేసరికి పెరట్లో పీట మీద కూర్చుని నెత్తళ్ళ తలలు గిల్లుతోంది.

"అదేటి పాటరా?" అంది, తలెత్తకుండానే.

"ఇంగ్లీషు వాళ్ళదప్పా. బ్లూస్ అంటారు."

"ఇంగ్లీసోల్లకి నా ఏడుపెలాగ తెలిసిందిరా?"

ఆమె గిల్లడం ఆపలేదు. కాకి ఒకటి దగ్గరికొస్తే ఉష్ అంది. తిడుతుందని, లేచి లోపలికి వెళ్ళిపోతుందని ఎదురుచూశాను. ఆ రెండిట్లో ఏది చేసినా నాకు తేలికగా ఉండేది.

"అంతా వచ్చీసిందేటి నీకు? సివరదాకా?"

"చివరిదాకా నువ్వు ఏడవలేదు కదప్పా."

"ఏడవనిచ్చినారేటి మీరు?"

అలా అని, నెత్తళ్ళు కడిగి, ఉప్పూ పసుపూ వేసి పక్కన పెట్టింది. తర్వాత చేతులు తుడుచుకుని వచ్చి నా ఎదురుగా గడప మీద కూర్చుని, మళ్ళీ వాయించమంది. వాయించాను. రెండుసార్లు తప్పాను. బ్లూస్ అంటే ఏమిటో నాకు తెలిసినంత చెప్పాను. పాడేవాడు ఒక పాదం పాడి ఆగుతాడనీ, ఆ ఖాళీలో గిటారు జవాబు చెప్తుందనీ, అతను మళ్ళీ అదే పాదం పాడతాడనీ.

"మన అమ్మమ్మోల్లు అంతే గదరా," అంది. "ఒకర్తి ఎత్తుకుంటే ఇంకొకర్తి మెడ పట్టుకుని అందుకునీది. ఒకర్తే ఏడిస్తే ఏటుంటాది, పిచ్చిదానిలాగ."

ఆ మాట నేను విన్నాను. విని, నిజమే నిజమే అని తలూపాను. అమెరికా వాళ్ళకీ సముద్రం ఒడ్డు వాళ్ళకీ ఇంత పోలికా అని ఆశ్చర్యపోయి, దాని గురించి ఏదో ఉపన్యాసం కూడా చెప్పాను. ఆమె కాసేపు విని అసలు సంగతి అడిగింది. ఏడాది నిండుతోంది, సమాధి దగ్గర జ్ఞాపకార్థ కూడిక పెడతారు.

"ఆ రోజు నాను ఏడుస్తాను. ఈ కడుపులోది అక్కడ పెట్టీసొస్తాను. పాస్టరు గారు నీకేసి సూస్తారు. నువ్వు మాత్రం పాటెత్తకు నాయినా."

"ఎత్తనప్పా. చచ్చినా ఎత్తను."

ఆ మాట ఇచ్చాక నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. చేసిన పాపానికి దారి దొరికిందనుకున్నాను. పాస్టరు గారు ఏమన్నా సరే, సంఘంలో నుంచి వెలేసినా సరే అని లోపల పెద్ద వీరుణ్ణయిపోయాను. ఇంకొక సంగతి కూడా ఉంది, చెప్పడానికి ముఖం చెల్లడం లేదు. ఆ మూడో పాదం చివరిదాకా వింటాను కదా అని ఆశపడ్డాను.

కూడిక రోజు ఉదయం శృంగవరపుకోట వైపు కొండల మీద మబ్బు పట్టి ఉంది. సమాధికి కొత్తగా సున్నం కొట్టించారు. బంతిపూల దండలు, ప్లాస్టిక్ కుర్చీలు, మైకు. కొత్తవలస సంఘం వాళ్ళు వచ్చారు, బావ తరఫు చుట్టాలు వచ్చారు. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు వాక్యం చెప్పి, సమాధి మీద పూలు వెయ్యమన్నారు. అప్ప ముందుకు వెళ్ళి, పూలు వేసి, లేవకుండా అక్కడే కూలబడింది. సున్నం మీద అరచెయ్యి ఆనించి ఎత్తుకుంది.

"కేరేజీ కట్టి ఉంచినాను, మూత తియ్యకుండా ఎలిపోనావా, ఓ నా రాజా..."

అందరూ కదిలారు. పాస్టరు గారు నా వైపు చూశారు. నేను అరచెయ్యి తీగల మీద పరిచి నొక్కిపెట్టాను. ఆయన మళ్ళీ చూశారు. నేను చూపు తిప్పుకోలేదు. జీవితంలో మొదటిసారి మా సంఘంలో ఒక ఏడుపు మీద పాట పడలేదు.

అప్ప ఒక పాదం అని ఆగింది. ఆ ఖాళీలో కొండల వైపు నుంచి గాలి తప్ప ఇంకేమీ లేదు. ఆమె పక్కనున్న ఆడవాళ్ళ వైపు చూసింది. వాళ్ళు పాస్టరు గారి వైపు చూశారు. ఒకావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్ళలో ఎవరికీ ఆ రాగం రాదు. వచ్చిన తరం పోయింది, రానివాళ్ళు మా పాటల కింద పెరిగారు. అప్ప అదే పాదం మళ్ళీ అంది. ఈసారి గొంతు కొంచెం పలచబడింది. మళ్ళీ ఆగింది. అప్పుడు నా వైపు చూసింది.

ఆమె చూపు నాకు అర్థమైందనుకున్నాను. మాట నిలబెట్టుకుంటానో లేదోనని చూస్తోంది అనుకున్నాను. భయపడకు, ఎత్తను, నువ్వు కానియ్యి అన్నట్టు తల అడ్డంగా ఊపాను. చిన్నగా నవ్వాను కూడా.

అప్ప కళ్ళు దించుకుంది. "ఊరందరి బళ్ళకీ..." అని మొదలుపెట్టి, ఆ పాదం పూర్తి చెయ్యకుండా లేచి నిలబడింది. చీరకి అంటిన సున్నం దులుపుకుంది. పాస్టరు గారు గిటారు కోసం చూడకుండా తానే ఒక పాట ఎత్తుకున్నారు. అందరూ హమ్మయ్య అన్నట్టు గొంతులు కలిపారు. అప్ప కూడా కలిపింది. రెండో చరణానికి నేను జి కార్డు పట్టుకున్నాను. ఏం చెయ్యాలో తెలియక పట్టుకున్నాను.

భోజనాలయ్యాక విజయనగరం బస్సెక్కాం. ఆమె కిటికీ పక్కన కూర్చుంది, నేను గిటారు కాళ్ళ మధ్య పెట్టుకుని పక్కన. మధ్యలో అరటిపళ్ళు కొని ఒకటి ఒలిచి ఇచ్చాను. తింది. పాస్టరు గారికి కోపం వచ్చి ఉంటుందంటే ఔనంది. నేను ఆగలేకపోయాను. నిజానికి మెచ్చుకుంటుందని కూడా ఆశపడ్డాను.

"నేను ఎత్తలేదు కదప్పా. నువ్వే ఆపేశావు."

ఆమె అరటితొక్క కిటికీలోంచి పడేసి, చెయ్యి కొంగుకి తుడుచుకుంది. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"ఆ ఆడోల్లకి రాదురా. ఆల్లననీదేటుంది. నీకొచ్చు గదా. నాను రెండుసార్లు ఆగినాను గదా నీ కోసం. అందుకోనేదేటి నాయినా?"